కాలిన ఇంటికి కార్డెక్కడిది?

తాలూకా కచేరీలు పెంకుటిళ్ళలో నడిచే ఆ రోజుల్లో, గరికివలస కచేరీలో మనిషి మాట కన్నా కాగితాన్నే నమ్మే పరాంకుశం అనే గుమాస్తా ఉండేవాడు. చెడ్డవాడు కాదు, ఎవరి దగ్గరా పైసా ముట్టేవాడు కాదు. కానీ కాగితం లేనివాడు ఎదురుగా నిలబడ్డా అతని కంటికి ఆనేవాడు కాదు.

ఆ ఊళ్ళో తాటాకిళ్ళ వీధి ఒకటుండేది. ఎండలు ముదిరేసరికి వీధివాళ్ళంతా కలిసి ఒక్కో ఇంటి కప్పూ కొత్త తాటాకుతో నేసేవారు. ఇవాళ నీ ఇల్లు, రేపు నా ఇల్లు. ఎవరి ఇల్లు నేస్తే వాళ్ళే అందరికీ అంబలి పోసి, ఉడికించిన ఉలవలు పెట్టేవారు. ఆ తాటాకు వాసన, ఆ పాటలు, పైనున్నవాళ్ళూ కిందున్నవాళ్ళూ ఆడుకునే ఎకసెక్కాలు... ఎంత చల్లని రోజులవి!

ఒక వేసవిలో నిప్పురవ్వ ఎగిరి ఆ వీధంతా బూడిదైంది. ఇళ్ళు కాలినవాళ్ళకు వెదుళ్ళు, తాటాకు, కొంత డబ్బు ఇస్తామంది ప్రభుత్వం. అర్జీలు చూసే పని పరాంకుశానికి పడింది.

అందరికంటే ముందు గవరమ్మ వచ్చింది.

"రేషన్ కార్డేదీ?" అన్నాడు పరాంకుశం.

"ఇంటితోటే కాలిపోనాది బాబూ."

"అయితే ఇల్లు నీదేనని మునసబు చేత రాయించుకురా."

"కార్డు లేందే రాయనంటన్నారు బాబూ."

"కొత్త కార్డుకి అర్జీ పెట్టుకో."

"దానికి ఇంటిపన్ను రసీదు కావాలంట. అదీ సూరులోనే ఉండీది."

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

"బాలింత కూతురు, పసిగుడ్డు బయటే ఉన్నారు బాబూ. వాన పడితే ఏటి సెయ్యాల?" అంది గవరమ్మ.

"రూలు రూలే" అన్నాడు పరాంకుశం. ఆమె వారం పాటు తిరిగింది. అర్జీ మాత్రం కదల్లేదు.

ఒక సాయంత్రం పరాంకుశం అర్జీలున్న కచేరీ సంచీ చంకన పెట్టుకుని ఆ వీధిలోంచి ఇంటికి వెళుతుంటే ఒక్కసారిగా వాన దంచికొట్టింది. తలదాచుకోవడానికి వీధిలో ఒక్క చూరు కూడా లేదు.

"ఇటు రా బాబూ!" అని గవరమ్మ కేకేసింది. మొండిగోడకు చాప ఆనించి, దాని కింద కూతుర్నీ మనవణ్ణీ కూర్చోబెట్టింది. తాను బయట నిలబడి గోనెపట్టా కప్పుకుంది. పరాంకుశం దగ్గరికి రాగానే ఆ పట్టా తీసి అతని సంచీ మీద కప్పింది.

"అదేమిటి? నువ్వు తడిసిపోతున్నావు!"

"నాకేటవుతాది బాబూ! ఆ కాయితాలు తడిస్తే ఈ వీధికే ఇళ్ళు రావు గదా."

చాప కారుతోంది. పసివాడు తడిసి ఏడుస్తున్నాడు. తెల్లారేసరికి వాడికి జ్వరం తగిలింది. వాణ్ణి ఆసుపత్రిలో చేర్చారని విన్న పరాంకుశానికి, ఆ పాపం తనదేనని తెలిసింది. సిగ్గుతో కుమిలిపోయాడు.

వెంటనే వీధికి వెళ్ళి అందర్నీ పిలిచాడు. "గవరమ్మ ఇల్లు ఎక్కడుండేది?" అని అడిగాడు.

"ఇక్కడే. కప్పు మీద కొప్పు కట్టింది నానే" అన్నాడు ఒక ముసలాయన.

"ఆకు అందించింది మేం" అన్నారు ఇద్దరాడవాళ్ళు. ప్రతి ఇంటికీ అలాగే నలుగురు ముందుకొచ్చారు. ఏటా నేసిన చేతులకు ఇల్లు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పరాంకుశం ఇంటికొక కాగితం రాసి, దాని మీద ఇరుగుపొరుగుల వేలిముద్రలు వేయించి తహసీల్దారు ముందు పెట్టాడు.

"ఆడిట్ వస్తే ఏం చూపిస్తావయ్యా?" అన్నాడు తహసీల్దారు.

"ఆ వీధిని చూపిస్తానండి."

తహసీల్దారు నవ్వి సంతకం చేశాడు. పసివాడు జ్వరం తగ్గి వచ్చేసరికి గవరమ్మ ఇల్లు నేస్తున్నారు. ఆ రోజు ఆకు అందించినవాళ్ళలో పరాంకుశం కూడా ఉన్నాడు. అంబలి తాగుతూ అందరితో పాటు నవ్వాడు.

పిల్లలూ, పేదవాడికి ఇచ్చే సాయం ఎంత పెద్దదైనా, దాన్ని అందుకునే దారి తేలిగ్గా లేకపోతే అది సాయమే కాదు.