సింగారి గిల్లిన బొడిపెలు

విశాఖ తీరానికి కాస్త ఎడంగా, నీళ్ల అడుగున నల్లరాళ్లపేట ఉంది. పీతలు, నత్తలు, రొయ్యలు అక్కడ కాపురముంటాయి. వాటన్నిటినీ హడలగొట్టే ఆక్టోపస్ కూడా అక్కడే ఉంటుంది.

దాని కంట పడకుండా పీతలు ఒక ఉపాయం పన్నాయి. రాళ్లమీద పెరిగే చిమ్మీల గుంపును ఒలిచి, దుప్పటిలా వీపుమీద కప్పుకునేవి. చిమ్మీలంటే ముట్టుకుంటే నీళ్లు చిమ్మే గింజలంత జీవులు. ఒకే మెత్తటి తొడుగులో బోలెడన్ని కలిసి బతుకుతాయి. ఆ దుప్పటి ఉన్నంతకాలం పీత కూడా ఆక్టోపస్‌కు రాయిలాగే కనబడుతుంది.

సింగారి అనే పీతకు తన ఊదారంగు దుప్పటంటే ఎక్కడలేని గర్వం. అసలే పీత నడక వంకర, దానికి వయ్యారం కూడా తోడైంది.

ఒకరోజు చూసుకుంటే ఏముంది, ప్రతి చిమ్మీ పక్కనా ఒక బొడిపె. సింగారి కంగారుగా పక్కింటి ముసలిపీత గవ్వమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"అత్తా, నా దుప్పటికి కురుపులు లేచాయి."

"నా దుప్పటికీ ఉన్నాయి కదే. వాటి జోలికి పోకు. ఎన్నాళ్లుగానో ఈ ఒక్క దుప్పటే కప్పుకుంటున్నా," అంది గవ్వమ్మ.

"ముసలిదానివి, నీకెలా ఉన్నా చెల్లుతుంది," అని సింగారి మూతి తిప్పుకుంది. ఇంటికెళ్లి ఒక్క బొడిపె కూడా మిగలకుండా గిల్లి పారేసింది. దుప్పటి నున్నగా తయారైందని మురిసిపోయింది.

కొద్దిరోజులకే చిమ్మీలు నీళ్లు చిమ్మడం మానేశాయి. ఒక్కొక్కటే ముడుచుకుపోసాగాయి. సింగారి నిర్ఘాంతపోయింది.

"ఏమైంది మీకు? తిండి చాలడం లేదా?"

"మా ఆయుష్షే ఇంతమ్మా," అంది ఒక చిమ్మీ నీరసంగా. "మేం పోయేలోగా మా ఒంటి పక్కనే పిల్లలు మొలుస్తాయి. మా చోట్లో అవి పెరుగుతాయి. దుప్పటి ఎప్పటికప్పుడు కొత్తదయ్యేది అలాగే."

"మరి ఆ పిల్లలేవి?"

"నువ్వు గిల్లేశావుగా."

సింగారికి చేతులారా ఎంత పని చేసిందో అప్పటికి తెలిసొచ్చింది. చూస్తుండగానే దుప్పటి ముక్కలై నీళ్లలో కొట్టుకుపోయింది. బోడి వీపుతో గవ్వమ్మ ఇంటివైపు పరుగు తీసింది. సగం దారిలోనే ఆక్టోపస్ చెయ్యి వచ్చి మీద పడింది.

గవ్వమ్మ అంతా చూసింది. భయంతో ఉన్నచోటే కదలకుండా ఉండిపోయింది. సింగారిని పట్టుకుని ఆక్టోపస్ దుప్పటి కప్పుకున్న గవ్వమ్మ పక్కనుంచే వెళ్లింది. కానీ అక్కడ దానికి రాయి తప్ప ఇంకేమీ కనబడలేదు.

నీతి: దేన్నైనా అదేమిటో తెలుసుకోకుండా అందానికి అడ్డమని తుంచేస్తే, మనల్ని కాపాడేదాన్నే పోగొట్టుకుంటాం.