సూరమ్మ ఇంటి అవయవాలు

సూరమ్మ ఇంట్లో తెలివికి లోటు లేదు. ఈ మాట వాళ్ళే చెప్పుకునేవారు, ఊళ్ళో ఇంకెవరూ అనగా నేను వినలేదు. సూరమ్మకి ముగ్గురు కొడుకులు: పైడయ్య, తవిటయ్య, ముత్యాలు. నలుగురికీ ఆధారం ఒక్క గేదె. అది పాలిస్తేనే పొయ్యి వెలిగేది.

ఓ రోజు తవిటయ్య కాలేజీ హాస్టల్లో పాలు పోసి వస్తూ, క్లాసు కిటికీ పక్కన నిలబడి సమాజశాస్త్రం మాస్టారి పాఠం విన్నాడు. వింటే విన్నాడు, ఊరుకోవచ్చుగా? ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, సమాజమంటే ఒక ఒళ్ళంట! మనుషులు దాని అవయవాలంట. ఎవరి పని వాళ్ళు చెయ్యకపోతే కూలిపోద్దంట!"

"ఓలమ్మో! మరి మనమింకా కూలిపోలేదేంట్రా?" అని సూరమ్మ గుండె బాదుకుంది.

అంతే, అప్పటికప్పుడే పంపకాలు. పెద్దాడు పైడయ్య తల. తవిటయ్య చేతులు. ముత్యాలు పొట్ట. సూరమ్మ నోరు. ఈ చివరిదాని మీద ఎవరూ పేచీ పెట్టలేదు.

తవిటయ్య అన్నం వండాడు. "తినడం పొట్ట పని" అన్నాడు పైడయ్య. ఇంకేముంది, కుండెడన్నం ముత్యాలొక్కడే లాగించాడు. మిగతా ముగ్గురూ చుట్టూ కూచుని, బలం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు.

"నాకు మోచేతిదాకా వచ్చినట్టుందిరా" అన్నాడు తవిటయ్య, కళ్ళు తిరుగుతుంటే.

మూడోరోజు గేదె ఊరిచివర బురదగుంటలో దిగబడింది. నలుగురూ పరిగెత్తారు. పైడయ్య గట్టుమీద కూచుని ఆలోచన మొదలెట్టాడు. సూరమ్మ అరిచింది. తవిటయ్య తాడు పట్టుకున్నాడుగానీ, మూడురోజుల ఆకలికి తాడే వాణ్ణి లాగేసింది. ముత్యాలు బ్రేవుమని తేన్చాడు. వాడి పని వాడు చేశాడు, ఏమంటాం?

గేదె మెడదాకా కూరుకుపోయింది. సూరమ్మకి నిజంగానే ఏడుపొచ్చింది. "అది పోతే మన బతుకేం గానురా!"

"ఉండమ్మా, మాస్టారు ఇంకో మాట కూడా చెప్పారు" అన్నాడు తవిటయ్య. "కొట్లాడుకుంటేనే సమాజంలో మార్పొస్తుందని కొందరు పెద్దోళ్ళు అన్నారంట."

అంతే! అన్నదమ్ములు ముగ్గురూ జుట్లు పట్టుకున్నారు. తిట్లు, గుద్దులు, కేకలు. ఆ గోలకి బెదిరిపోయి గేదె ఒక్క ఊపున గట్టెక్కేసింది.

"చూశారా మార్పు!" అన్నాడు పైడయ్య, పగిలిన పెదవి తుడుచుకుంటూ. అప్పుడు వాడికి ఇంకోటి తట్టింది. "ఒరే, అన్నీ పంచుకున్నాం. మన ఒంటికి కాళ్ళేవిరా?"

ఒక్కరూ కిందికి చూసుకోలేదు. అందరూ గేదెనే చూశారు. మనుషులు నలుగురు, దానికి కాళ్ళు నాలుగు. తలా ఒకటి, సరిగ్గా సరిపోయింది.

"మరి ఇందాక ఇక్కడికెలా వచ్చాంరా?" అంది సూరమ్మ.

"తెలీక నడిచేశాం. నడవడం గేదె పని, ఇంకెప్పుడూ మనం నడవకూడదు" అన్నాడు పైడయ్య. నలుగురూ గట్టుమీద చతికిలబడ్డారు. గేదె తోకాడించుకుంటూ తన దారిన తను పోయింది.

కాసేపటికి పక్కింటి నీలయ్య రొప్పుతూ వచ్చాడు. "సూరమ్మత్తా, మీ గేదె సంత దారి పట్టింది! ఎవడైనా తోలుకుపోతాడు, లేవండి!"

సూరమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని కొడుకుల వైపు తిరిగింది.

"అయ్యో రాత! మనం సంతకెళ్తున్నామని ముందే తెలిస్తే సంచీ తెచ్చుకునేదాన్ని కదరా!"