ఏడవ సర్వరును సాగనంపిన రోజు

విన్నవారికి నెమ్మది, చెప్పినవారికి నిజం కలుగుగాక. ఒక ఊరికి ఒక ఆసుపత్రి. ఆ ఆసుపత్రికి ఒక చల్లని గది. ఆ గదిలో పన్నెండు సర్వర్లు. ఒకే పల్లకిని మోసే బోయీల వలె అవన్నీ కలిసి ఒకే బరువును మోసేవి. ఓపీ చీటీలు, ఎక్స్-రే చిత్రాలు, రక్తనిధి చిట్టాలు ఒక్కొక్కటి ఒక్కొక్క ఉత్తుత్తి కంప్యూటరుగా, అంటే వర్చువల్ మిషన్‌గా వాటిలో కాపురముండేవి. అవసరమైతే ఒకదాని నుండి మరొకదానికి ఇల్లు మారేవి.

ఆ గదికి పెద్ద తారకేశ్వరి గారు. అడిగిన ప్రశ్నకు అప్పుడే బదులు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. శిష్యుడు ప్రభుదాసు చురుకైనవాడు, కాని నిదానం లేనివాడు. ఒక ఉదయం అతడు అడిగాడు: "మేడమ్, ఒక సర్వరు ఖాళీ అయిందని ఎప్పుడు చెప్పగలం?"

"ఏడవదానిని ఈ రోజు నువ్వే సాగనంపు," అన్నారామె.

ఏడవది ముసలిదైంది; మెమొరీ తప్పుతున్నదని వారం రోజులుగా హెచ్చరికలు పంపుతున్నది. దానంతట అది కూలితే లోపలివన్నీ దానితోపాటే కూలుతాయి. ఆసుపత్రి పని క్షణం ఆగకుండా, సాయంత్రంలోగా దానిని తీసి, డిస్కులు చెరిపి, తుక్కుకు పంపాలి.

ప్రభుదాసు మొదట దానికి కొత్త పని చేరకుండా కట్టడి చేశాడు. ఆపైన అందులో నడుస్తున్న పద్నాలుగు మిషన్లను, నడుస్తుండగానే, పక్క సర్వర్లకు తరలించాడు. ఓపీ దగ్గర వరుస ఎప్పటిలాగే కదిలింది. మధ్యాహ్నం రెండు గంటలకు తెరమీద జాబితా శూన్యమైంది. అతడు కరెంటు తీగమీద చేయి వేశాడు.

"ఇక పీకేస్తానండీ. పెళ్ళికూతురిని పంపినంత తంతు జరిపాం, చాలదూ?"

"పందిరి విప్పేముందు లోపల ఎవరైనా పడుకున్నారేమో చూడవద్దా నాయనా?"

"సున్నా అని ఉంది కదండీ!"

"ఆ జాబితా ఎవరిని లెక్కపెడుతుంది?"

అతడు ఆ జాబితా ఎంపికలు తెరిచి చూశాడు. అది నడుస్తున్నవాటినే లెక్కపెడుతుంది. ఆపి ఉంచినవాటిని కూడా చూపమని మళ్ళీ అడిగాడు. ఒక్క పేరు వచ్చింది. అది బాంబే గ్రూపు అనే అరుదైన రక్తం ఇచ్చే దాతల చిట్టా. ఏడాదికి ఒకటి రెండుసార్లు తెరుస్తారు. తక్కిన కాలమంతా ఆపి ఉంచుతారు. దాని డిస్కు ఏడవ సర్వరులోనే ఉంది, నకలు మరెక్కడా లేదు.

అతడు తీగను వదిలి మళ్ళీ తెర ముందు కూర్చున్నాడు.

ఆ చిట్టాను మూడవ సర్వరుకు చేర్చి, ఒకసారి మేల్కొల్పి, పందొమ్మిది పేర్లూ చదువుకొని, తిరిగి ఆపాడు. అప్పుడు ఏడవదానిలో సేవను నిలిపి, డిస్కులు చెరిపి, పన్నెండు సర్వర్ల పట్టికలోనుండి దాని పేరు తొలగించి, తీగ లాగాడు. ఒక్క అలారం కూడా మోగలేదు.

నాలుగు గంటలకు ప్రసూతి వార్డు నుండి ఫోను వచ్చింది. "బాబూ, తల్లికి రక్తం ఆగడం లేదు. బాంబే గ్రూపు కావాలి. దాతల చిట్టా ఉన్నదా, లేదా? ఒక్క మాట చెప్పు!"

"ఉందమ్మా!" అన్నాడతడు, చిట్టాను మేల్కొల్పుతూనే. మొదటి ముగ్గురూ ఫోనుకు దొరకలేదు. నాలుగవ పేరు చేపల రేవులో వలలు అల్లే సూరాడ ఎర్రయ్యది. అతడు చేతిలోని వల అక్కడే పడేసి ఆటోలో వచ్చాడు. దీపాలు పెట్టేవేళకు తల్లీ బిడ్డా క్షేమమన్న కబురు అందింది. ప్రభుదాసు వేసిన కేకకు కాపలాదారు కూడా లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

ఆ ఉత్సాహంలోనే గురుశిష్యులిద్దరూ చెరో కొస పట్టుకొని ఏడవ సర్వరును తోపుడు బండి మీదికి ఎత్తారు.

"ఎలా ఉంది? తేలికైందా?" అని అడిగారు తారకేశ్వరి గారు.

"లేదండీ, పొద్దున్న ఎంతో ఇప్పుడూ అంతే బరువుంది."

ఆమె నవ్వారు. "ఖాళీ అయ్యానో లేదో అది నోరు విప్పి చెప్పదు నాయనా."

ఈ కథ నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ సుగుణమణి. ఆ సాయంత్రం ప్రసూతి వార్డు నుండి ఫోను చేసిన నర్సు ఆమె.