కిక్కురుమనని మెర్జ్

రెండు బ్రాంచ్‌లను మెర్జ్ చేసేటప్పుడు గొడవ వస్తే అరుంధతి గారు నిశ్చింతగా టీ తాగేవారు. ఏ గొడవా రాకపోతే కప్పు పక్కన పెట్టేసేవారు. ఒకే ప్రోగ్రామ్‌కు రెండు ప్రతులు తీసి ఇద్దరు విడివిడిగా మారిస్తే, ఆ ప్రతులే బ్రాంచ్‌లు. వాటిని కలపడమే మెర్జ్. ఇద్దరూ ఒకే వరుసను మార్చి ఉంటే కలిపే యంత్రం ఆగి, ఎవరిది ఉంచాలని అడుగుతుంది. అదే గొడవ. లేకపోతే నోరెత్తదు.

ఆ రోజు ఆమె శిష్యుడు దివాకర్ మధ్యాహ్నంలోగా ఒక పిల్లల ఆసుపత్రికి కొత్త ప్రోగ్రామ్ పంపాలి. జ్వరం మందు మోతాదు లెక్కగట్టేది అదే. తోటి ఉద్యోగులు మస్తాన్, సువర్చల చేసిన మార్పులను కలిపాడు. యంత్రం కిక్కురుమనలేదు. పరీక్షలన్నీ పాసయ్యాయి.

"పంపేస్తున్నాను మేడమ్," అన్నాడు.

"ముందు ఆ ఇద్దర్నీ పిలువు."

"గొడవే లేదు కదా, ఈ పోలీసు విచారణ దేనికి? అంతా సవ్యంగా ఉన్నప్పుడే మీకు అనుమానం ఎందుకొస్తుంది?"

ఆమె టీ కప్పు పక్కన పెట్టేశారు. ఇద్దరూ వచ్చాక, రెండోవాళ్లు ఏం మార్చారో చెప్పమని ఒక్కొక్కరినీ అడిగారు.

"నాకేం తెలుసు మేడమ్? ఆవిడ ఫైలు వేరు, నా ఫైలు వేరు," అన్నాడు మస్తాన్.

"నేనైతే ఆయన ఫైలు ముట్టుకోలేదు," అంది సువర్చల, ఎవరో నింద వేసినట్టు.

అరుంధతి గారు దివాకర్ వైపు తిరిగారు. "ఇరవై రెండు పౌండ్ల బిడ్డ. కిలోకు పదిహేను మిల్లీగ్రాముల మందు. ఎంతవుతుంది?"

"పది కిలోలు. నూట యాభై," అన్నాడు తడుముకోకుండా.

"ఇప్పుడు నువ్వు కలిపిన ప్రోగ్రామ్‌ను అడుగు."

తెర మీద అరవై ఎనిమిది వచ్చింది.

ఆసుపత్రిలోని తూకం యంత్రం బరువును పౌండ్లలో పంపుతోందనీ, ప్రోగ్రామ్ వాటిని కిలోలనుకుని రెట్టింపు పైగా మందు చెబుతోందనీ నర్సుల ఫిర్యాదు. అది ఇద్దరి చెవినా పడింది. మస్తాన్ బరువు అందుకునే చోట దాన్ని కిలోల్లోకి మార్చాడు. సువర్చల మోతాదు కట్టే చోట మార్చింది. ఎవరి పరీక్ష వారి ఫైలు వరకే చూసింది. కలిపాక బిడ్డ బరువు రెండుసార్లు తగ్గింది. ఆ మందుకు జ్వరం దిగేది కాదు.

దివాకర్ మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. "ఇద్దరూ సరిగానే చేశారు. మరి వీళ్ల మధ్య గొడవెందుకు రాలేదు మేడమ్?"

"గొడవపడేవాళ్లు కనీసం ఒకచోట కలుస్తారు బాబూ," అన్నారు అరుంధతి గారు.