గొంగళి విప్పని చెట్టు

ఒకప్పుడు తాటిజాతి చెట్లన్నీ ఒంటిమీద నూలుపోగు లేకుండానే బతికేవి. ఎండదేశంలో పుట్టినవి కదా, బట్టలతో పనేముంది? కొబ్బరిదీ అదే వేషం, పోకదీ అదే వేషం. చలి ఎలా ఉంటుందో వాటికి తెలీదు.

ఆ రోజుల్లో ఒక ఎత్తయిన కొండమీద కనకాంగి దొరసాని అని ఒకావిడ ఉండేది. ఆ కొండమీద క్యాబేజీ వేస్తే క్యాబేజీ వచ్చేది, బంగాళాదుంప వేస్తే బంగాళాదుంప వచ్చేది. అందుకే అవంటే ఆవిడకి చిన్నచూపు. వేస్తే వచ్చేదాంట్లో గొప్పేముంది? ఎదురుకొండ మీద మాణిక్యాంబ దొరసాని తోటలోనూ అవే వస్తున్నాయి మరి.

"ఇక్కడ ఏది బతకదో అది కావాలి నాకు," అంది కనకాంగి.

తోటపని చేసే సన్యాసి కొండ దిగి వెళ్ళి, ఎడ్లబండి మీద మూడు చెట్లు తెచ్చాడు. ఒకటి కొబ్బరి. ఒకటి పోక. మూడోది ఏ దేశానిదో అమ్మినవాడికే తెలీదు. పొట్టిగా ఉంది, ఆకులేమో విసనకర్రల్లా ఉన్నాయి. అందుకని దాన్ని విసనకర్ర అనే పిలిచారు. అందరూ వణికే కొండమీద విసనకర్ర ఎందుకని ఒక్కరూ అడగలేదు.

మాణిక్యాంబ వచ్చి మూడింటి చుట్టూ తిరిగి చూసింది.

"బావున్నాయి వదినా," అంది. "చలికాలంలో మళ్ళీ వస్తాలే. అప్పటికుంటే ఇంకోసారి చూస్తా."

ఆ మాట కనకాంగికి ముల్లులా గుచ్చుకుంది. ఆవిడ అటు వెళ్ళగానే సన్యాసిని పిలిచింది.

"ఒరే, ఇవి చావకూడదు. చస్తే ఆవిడ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"దుప్పట్లు కప్పితే బతుకుతాయి అమ్మగారూ," అన్నాడు సన్యాసి.

"దుప్పట్లు ఎక్కడున్నాయి?"

సన్యాసి తల గోక్కున్నాడు.

"నీదుందిగా," అంది ఆవిడ.

అలా సన్యాసి దుప్పటి విసనకర్రకి వెళ్ళింది. వంటామె దుప్పటి పోకకి, కాపలావాడి దుప్పటి కొబ్బరికి. ముగ్గురు మనుషులూ పొయ్యి పక్కన ముడుచుకుని పడుకున్నారు. మూడు చెట్లూ వెచ్చగా ఉన్నాయి.

చలి వచ్చింది. చలి అంటే ఒక ముసలమ్మ. ఆమెకి ఎవరిమీదా కోపం లేదు. తెల్లవారుజామున కొండంతా తిరుగుతుంది, కాళ్ళు లాగితే దొరికినచోట కూర్చుంటుంది. అంతే ఆమె చేసే పాపం.

వచ్చీరాగానే మూడు దుప్పటి మూటలు కనిపించాయి. "ఎవరర్రా లోపల?" అంది.

"కింద ఊళ్ళ నించి వచ్చాం. చుట్టాలం," అంది కొబ్బరి.

"అలాగా. కూర్చోడానికి చోటు లేనట్టుందే. మళ్ళీ వస్తాలే," అని వెళ్ళిపోయింది చలి.

ఇలా రోజులు బానే గడుస్తున్నాయి. ఒకనాడు మాణిక్యాంబ నించి కబురొచ్చింది, రేపు పొద్దున్నే వస్తున్నానని.

కనకాంగి తోటలోకి పరుగెత్తింది. "సన్యాసీ, దుప్పట్లు తీసెయ్. మూటలు చూడ్డానికొస్తుందా ఆవిడ? ఆ కాండాల మీద పాత మట్టలు చూడు, ఎంత అసహ్యంగా ఉన్నాయో. అన్నీ నున్నగా చెక్కు. నెత్తిమీద నీళ్ళు పొయ్యి, ఆకులు మెరవాలి."

"మరి చలి సంగతో, అమ్మగారూ?"

"ఒక్క పూటకేం కాదురా."

సన్యాసి దుప్పట్లు తీసేశాడు, తనదాన్ని మాత్రం అన్నిటికన్నా వేగంగా. కొబ్బరిని చెక్కాడు, పోకని చెక్కాడు, రెంటికీ తలంటు పోశాడు. విసనకర్ర దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నొప్పెట్టింది. 'పొట్టిదేగా, ఎవరు చూస్తారు' అనుకుని దుప్పటి కప్పుకుని వెళ్ళి పడుకున్నాడు.

తెల్లవారుజామున చలి వచ్చింది. నున్నగా, తడిగా ఉన్న కొబ్బరిని చూసి సంతోషపడింది.

"ఏమ్మా, నీకు మొగ్గలెన్ని?"

"ఒకటే. నెత్తిమీద ఉంది."

"ఒకటేనా?" చలి నిజంగానే నొచ్చుకుంది. "ఆ పక్కన నేరేడుని చూడు, కొమ్మకి బోలెడు. నేను కొన్ని నలిపేసినా మిగతావి చిగురేస్తాయి. ఒక్కటే మొగ్గ పెట్టుకుని ఈ కొండెలా ఎక్కావే?"

"మేం ఎక్కలేదు. ఎక్కించారు."

"పాపం," అంది చలి. అని కూర్చుంది. నెత్తిమీది నీళ్ళు గడ్డకట్టాయి, మొగ్గ మాడిపోయింది. తర్వాత పోకమీద కూర్చుంది. అంతలో ఎండ వచ్చింది.

చలి లేచి విసనకర్ర వైపు చూసింది. "నీ ఆకు బావుంది. రేపు నీ దగ్గరికి వస్తా, విసురుకోవచ్చు."

మాణిక్యాంబ వచ్చేసరికి కొబ్బరి ఆకులు వేలాడుతున్నాయి, పోకవీ వేలాడుతున్నాయి.

"అయ్యో వదినా, నిన్నటిదాకా బానే ఉన్నాయటగా," అంది చాలా ప్రేమగా. విసనకర్రని చూసి, "ఇదేంటి, గడ్డం గీసుకోనివాడిలా ఉంది?" అంది.

"అది మాది కాదు," అంది కనకాంగి.

ఆవిడ గడప దాటగానే సన్యాసికి చెప్పింది. "దాన్ని పీకి దూరంగా పారెయ్."

సన్యాసి పీకాడు. ఆ చలిలో అతనికి దూరం వెళ్ళబుద్ధి కాలేదు. కంచె అవతలే గొర్రెల దొడ్డి ఉంది, అక్కడొక పెంట గుంట ఉంది. అందులో పడేసి వచ్చేశాడు. గుంట వెచ్చగా ఉంది. విసనకర్ర వేళ్ళు దింపుకుని, కొంచెం పక్కకి ఒరిగి నిలబడింది.

ఒక ముసలి గొర్రె దగ్గరికొచ్చింది. "ఎవరు నువ్వు?"

"దొరసాని గారి తోటలో చెట్టుని."

"ఎప్పటిదాకా?"

"ఇందాకటిదాకా."

గొర్రె నెమరేస్తూ తలాడించింది.

"రేపు చలి వస్తానంది," అంది విసనకర్ర. "నాకున్నది ఒకే మొగ్గ. అది పోతే నేను పోయినట్టే. నీ బొచ్చు కొంచెం ఇస్తావా అక్కా?"

"ఊరికే ఎందుకిస్తాను? నీ దగ్గరేముంది?"

"నీడ ఉంది."

"ముందు ఎండెక్కడుందో చూపించు, ఇద్దరం అక్కడికెళ్ళి కూర్చుందాం."

"పోనీ, విసురుతాను."

"వద్దు తల్లీ."

విసనకర్రకి ఇంకేమీ తోచలేదు. "అయితే నా దగ్గరేం లేదక్కా. ఒళ్ళంతా గరుకు. అందుకే పారేశారు."

గొర్రె నమలడం ఆపేసింది. "గరుకా?"

"బాగా గరుకు."

"ఎక్కడా, చూడనీ. పుట్టినప్పటినించీ నాకు వీపు మధ్యలో ఒకటే దురద. మూతి అందదు, కాలందదు." గొర్రె తిరిగి మట్టలకి వీపు ఆనించి ఒక్కసారి రుద్దింది. దాని కళ్ళు మూతలు పడ్డాయి. "ఒసే, అందరూ రండర్రా," అంది నెమ్మదిగా.

మందంతా వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి రుద్దాయి. పొట్టేళ్ళు వెనక్కాళ్ళమీద లేచి పైదాకా రుద్దాయి. మట్టల సందుల్లో బొచ్చు చిక్కుకుంది. సాయంత్రానికి విసనకర్రకి అడుగునించి మొగ్గదాకా గొంగళి.

తెల్లవారుజామున చలి వచ్చి దాని చుట్టూ తిరిగింది.

"మొగ్గెక్కడే?"

"లోపలుంది."

"కనపడదే?"

"కనపడకుండానే పెట్టుకున్నా, అవ్వా."

చలి గొంగళిమీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. వెచ్చదనం ఆమెకి పడదు, ఒళ్ళు కరుగుతుంది. ఆకు చివర్ల మీద కాసేపు కూర్చుని, అవి కాస్త మాడ్చి, లేచి వెళ్ళిపోయింది.

చలికాలం చివర్లో మాణిక్యాంబ మళ్ళీ వచ్చింది. కనకాంగి తోటలో రెండు నల్లటి మోళ్ళు తప్ప ఏమీ లేవు.

"వదినా, ఆ పచ్చగా ఉన్నదేంటి?" అంది కంచె అవతలికి చూసి.

కనకాంగి రెప్ప కూడా వెయ్యలేదు. "అదా? నేనే ప్రత్యేకంగా వేయించా. చలికి తట్టుకునే రకం."

"కంచె బయటుందే?"

"కంచె పని ఇంకా అవలేదు వదినా."

ఆ పూటే సన్యాసి కంచె పీకి చెట్టు అవతల పాతాడు. విసనకర్ర కదలకుండానే మళ్ళీ దొరసాని తోటలోకి వచ్చింది.

ఎండలు మొదలయ్యాయి. కనకాంగి కుర్చీ వేయించుకుని చెట్టుని తీరిగ్గా చూసింది. "చలి పోయిందిగా. ఆ బొచ్చంతా పీకెయ్ సన్యాసీ. కాండం నున్నగా కనపడాలి."

సన్యాసి పట్టుకుని లాగాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. చెట్టు ఇంకా బిగించుకుంది.

"రావట్లేదు అమ్మగారూ. నా దుప్పటైతే ఇట్టే వచ్చేది."

"ఎండాకాలంలో గొంగళెందుకే నీకు?" అని చెట్టునే అడిగింది కనకాంగి.

"మీ ఇంటికి చుట్టాలు ఎప్పుడొస్తారో నాకేం తెలుసమ్మా?" అంది విసనకర్ర.

అప్పటినుంచే కొబ్బరి మంచుకురిసే కొండల మొహం చూడ్డం మానేసింది. అప్పటినుంచే విసనకర్రల్లాంటి ఆకులున్న ఆ చెట్టు చలితోటల్లో, మాడిన ఆకు చివర్లతో, ఒంటినిండా గొంగళి చుట్టుకుని నిలబడి ఉంటుంది. నడి వేసవిలోనైనా సరే, ఎవరెంత మెచ్చుకున్నా సరే, విప్పదు.