పర్వాలేదనే డాక్టరమ్మ

"మాస్టారూ, నేనింత ప్రశాంతంగా ఉంటున్నాను కదా. మరి ఆ సంగతి నా చేతులకెందుకు తెలియడం లేదు?" అని ఇందుమతి అడిగింది.

అడిగింది దాలినాయుడు మాస్టారిని. ప్రశాంతత గురించి ఆయన్ని అడగడమంటే తుఫానుని గొడుగు అరువడిగినట్టే. పొద్దున్నే మైదానంలో అడుగుపెట్టింది మొదలు ఆయన గాలిని తిట్టేవారు, గడ్డిని తిట్టేవారు, గడ్డి కొయ్యని మనిషిని తిట్టేవారు, కోస్తే ఇంత పొట్టిగా ఎందుకు కోశావని మళ్లీ తిట్టేవారు. ముప్పయ్యేళ్లు దొరల సంచులు మోసి, ఆ మోతలోనే గోల్ఫ్ నేర్చుకుని, ఇప్పుడు నలుగురికి నేర్పుతున్న మనిషి. అయితే ఒక వింత ఉంది. నోరు అలా నిప్పులు కురిపిస్తుండగానే ఆయన చేతులు మాత్రం కర్రని, అప్పుడే ఒత్తిన తడి అప్పడాన్ని ఎండలో వెయ్యడానికి ఎత్తినంత సుతారంగా పట్టుకునేవి. ఇంకో అలవాటు కూడా ఉంది. ఎవరేమడిగినా తిన్నగా జవాబు చెప్పరు.

ఆ మైదానం ఊరి చివర, మూతపడ్డ జూట్ మిల్లు వెనకాల ఉంది. తొమ్మిదే గుంతలు. గుంతల చుట్టూ పచ్చిక పెంచే స్తోమత లేక, నూనె కలిపిన ఇసుకని చదునుగా పరిచారు. దాన్ని బ్రౌన్ అంటారు. ఇసుక కనక అడుగు వేస్తే ముద్ర పడుతుంది, ముద్ర పడితే బంతి దారి తప్పుతుంది. అందుకని ఆడి వెళ్లేవాళ్లు పక్కనే పడి ఉండే గోనెపట్టాని ఒక చుట్టు లాగి తమ అడుగులు చెరిపేసి వెళ్లాలి. "మీ అడుగులు మీరే తుడిచి వెళ్లవలెను" అని క్లబ్బు గుమ్మం పక్కన పలక కూడా ఉంది. పలక మీది అక్షరాలు చక్కగా కనిపించేవి. క్లబ్బు కెప్టెన్ ఉమాపతి గారికి తప్ప.

ఆయనా, ఆయన జట్టు ముగ్గురూ ఎప్పుడూ ఆడవాళ్ల కంటే ముందు ఆడేవారు. ఆడి, ఇసుక నిండా బూట్ల ముద్రలు వదిలేసి, గోనెపట్టా వైపైనా చూడకుండా వెళ్లిపోయేవారు. ఒకసారి కొత్త సభ్యుడెవరో పట్టా అందుకోబోతే ఉమాపతి గారు ఆపి, వెనక ఎలాగూ ఆడవాళ్లొస్తున్నారు, ఊడ్చుకుంటార్లే అన్నారట. నలుగురూ నవ్వారట. ఆ నవ్వు వెనక వస్తున్న ఇందుమతి చెవిన పడనే పడింది. ఆవిడ కూడా నవ్వింది. పర్వాలేదు సార్ అంది. అలా మూడేళ్ల నుంచి ప్రతి ఆదివారం నలుగురు మగవాళ్ల ఎనిమిది బూట్ల ముద్రలు తొమ్మిది బ్రౌన్ల మీదా తుడిచి, ఆ తరవాత తన ఆట ఆడుకుంటోంది.

ఇందుమతి పశువుల డాక్టరు. తన్నే గేదెని మాటలతోనే నిలబెట్టగల మనిషి. ఎదురు చెప్పడం చేతకాక ఊరుకోలేదు. జిల్లాల పోటీకి వెళ్లే జట్టులో ఆడవాళ్లకి ఒక్కటే చోటు. ఎంపిక రోజున ఆ తొమ్మిది గుంతలూ రెండు చుట్లు ఆడి, మొత్తం తొంభై దెబ్బల్లో ముగించినవాళ్లకే అది దక్కుతుంది, జాబితా మీద సంతకం పెట్టేది ఉమాపతి గారు. కిందటేడాది ఆవిడకి తొంభై ఒకటి పడ్డాయి. అంతకు ముందేడు తొంభై రెండు. ఈసారి కూడా ఎవరూ గట్టెక్కకపోతే ఆ చోటు కూడా మగవాళ్లకే ఇచ్చేద్దామని కమిటీలో అనుకున్నారు. ఎంపిక వచ్చే ఆదివారమే.

అందుకని ఆవిడ విశాఖపట్నం వెళ్లి, మనసుని మెత్తబరిచి ఆటని మెరుగుపరిచే రెండురోజుల శిక్షణ తీసుకుని వచ్చింది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం, పెదవుల మీద చిరునవ్వు నిలపడం, తానొక నిశ్చలమైన సరస్సునని లోపల అనుకోవడం, అన్నీ నేర్చుకుంది. వారం రోజులు శ్రద్ధగా సరస్సులా ఉంది. దూరపు దెబ్బలన్నీ బాగానే వెళ్లాయి. తీరా బ్రౌన్ మీదికి వచ్చి, జానెడు పని మిగిలినప్పుడు, వేళ్లు కర్రని పీక పిసికినట్టు పిసికేవి. బంతి గుంత పక్కనుంచి జారిపోయేది.

ఇదంతా చెప్పుకుని, తప్పెక్కడుందో చెప్పమంది. మాస్టారు విని, "సరస్సుకి గోల్ఫ్ కర్రెందుకమ్మా" అని గొణిగి, తొమ్మిదో బ్రౌన్ దగ్గరికి రమ్మన్నారు.

అక్కడ గుంతకి ఆరడుగుల దూరంలో బంతి పెట్టించారు. ఇందుమతి గోనెపట్టా లాగి ఇసుక చదును చేసి, ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మూడు దాకా వచ్చేసరికి మాస్టారు జెండా కర్ర నిటారుగా ఉందో లేదో చూడాలనుకున్నారు కాబోలు, బంతికీ గుంతకీ నడుమ నుంచి తాపీగా నడిచి వెళ్లారు. ఆయన కాన్వాసు బూట్లు పెద్దవి. పర్వాలేదు మాస్టారూ అని ఆవిడ మళ్లీ పట్టా లాగింది, మళ్లీ చిరునవ్వు పెట్టుకుంది, కొట్టింది. బంతి బెత్తెడు పక్కకి పోయింది. రెండో ప్రయత్నానికి చదును చేసేసరికి ఆయనకి తన బావమరిది సంగతేదో గుర్తొచ్చింది. సరిగ్గా బంతి దారిలో నిలబడి, కాలు మార్చి కాలు వేస్తూ, ఆ బావమరిది కొన్న మోటారు సైకిలు చరిత్రంతా చెప్పారు. పర్వాలేదు మాస్టారూ, అంది. ఈసారి పళ్ల మధ్య నుంచి అంది. బంతి జానెడు పక్కకి పోయింది. మూడోసారి ఆయన ఏ సాకూ వెతుక్కోలేదు. చదును చేసిన ఇసుక మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, వెనక్కి తిరిగి మళ్లీ నడిచి, మధ్యలో ఆగి, సరస్సు ఎలా ఉందమ్మా అని అడిగారు.

ఇందుమతి చిరునవ్వు ఎక్కడ రాలిపోయిందో ఆవిడకే తెలియలేదు. అరికాళ్ల నుంచి మాడు దాకా మంట ఎక్కింది. ఆ మంటలో మాస్టారొక్కరే లేరు. ఎనిమిది బూట్లున్నాయి, మూడేళ్ల ఆదివారాలున్నాయి, తొంభై ఒకటి ఉంది, అందరిలోకీ మంచిదనిపించుకోవాలని తాను మింగిన ప్రతి మాటా ఉంది.

"అవతలికి నడవండి మాస్టారూ," అంది. గొంతు పెద్దదేమీ చెయ్యలేదు. "ఆ అడుగులు మీరే తుడవండి. మీ వెనక ఊడ్చుకుంటూ తిరగడానికి రాలేదు నేనిక్కడికి."

మాస్టారు బుద్ధిగా గోనెపట్టా అందుకుని, ఒక్క ముద్ర మిగలకుండా లాగి, పక్కకి వెళ్లి నిలబడ్డారు. ఆవిడ ఊపిరి లెక్కపెట్టలేదు. కళ్లు ఎర్రగానే ఉన్నాయి. అదే ఊపులో వంగి కొట్టింది. బంతి గీత గీసినట్టు వెళ్లి గుంతలో పడింది.

ఇందుమతి తన చేతులకేసి చూసుకుంది. వేళ్లు వదులుగా, దండెం మీద ఆరేసిన కండువా అంచుల్లా ఉన్నాయి. దాంతో కోపం ఇంకా పెరిగింది. మూడేళ్లుగా చూస్తున్నారు కదా, ఒక్కనాడైనా నోరు మెదిపారా అని మాస్టారి మీద విరుచుకుపడింది. ఆయన గోనెపట్టా దులుపుతూ, "పర్వాలేదన్నావు కదమ్మా," అన్నారు. అనేసి, పడమటి గాలిని తిట్టుకుంటూ ఇంటికి వెళ్లిపోయారు.

ఆదివారం వచ్చింది. ముందు ఉమాపతి గారి జట్టు, వెనక ఇందుమతి. మొదటి బ్రౌన్ మీద పని ముగించుకుని నలుగురూ ఎప్పటిలాగే కబుర్లాడుకుంటూ కదిలారు. ఇసుక చూస్తే సంత జరిగినట్టుంది. ఇందుమతి సంచి కింద పెట్టింది. జాబితా మీద సంతకం ఎవరిదో గుర్తుంది. అయినా ఉమాపతి గారిని పేరు పెట్టి పిలిచి, మీ అడుగులు ఉండిపోయాయండీ అంది.

ఆయన వెనక్కి తిరిగి, పర్వాలేదులే డాక్టరమ్మా, ఎంపిక రోజున ఇంత టెన్షనెందుకు, కాస్త రిలాక్స్ అవ్వు అని పెద్దమనిషి నవ్వొకటి నవ్వారు.

"నేను రిలాక్స్ గానే ఉన్నానండీ," అంది ఇందుమతి. "కోపంగా కూడా ఉన్నాను. ఇన్నాళ్లూ మీ నలుగురి వెనకా నేను ఊడ్చాను. ఇవాళ పలక మీద రాసినట్టు జరగాలి. పట్టా అదిగో. మీరు తుడిచేదాకా నేను ఆడను, నా వెనకవాళ్లూ ఆడరు."

వెనక ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారు. వాళ్ల వెనక రెండు జట్లు వచ్చి ఆగాయి. ఉమాపతి గారు మిగతా ముగ్గురికేసి చూశారు. ఆ ముగ్గురూ ఒకేసారి ఆకాశంలో ఏదో పిట్టని చూడడం మొదలుపెట్టారు. చివరికి, తాను మేనేజరుగా ఉన్న మిల్లు మూతపడ్డ నాడు కూడా వంగని ఆ నడుము వంగింది. గోనెపట్టా లాగడం ఆయనకి కొత్త కనక ఒకచోట రెండుసార్లు లాగారు, ఒకచోట అసలు లాగలేదు. ఆ మూల కూడా ఉందండీ అని ఇందుమతి మర్యాదగానే చూపించింది.

ఆ తరవాత రెండు చుట్లలోనూ ప్రతి బ్రౌన్ ఆవిడకి చదునుగానే దొరికింది. ప్రతిదాని మీదా ఉమాపతి గారు దవడలు బిగించి పట్టా లాగారు, బిగించిన దవడలతోనే ఆడారు. ఇందుమతి కోపం రోజంతా ఆవిడ పక్కనే నడిచింది. ఆవిడ దాన్ని దాచనూ లేదు, బతిమాలనూ లేదు. ఆఖరి బంతి గుంతలో పడ్డాక లెక్క చూస్తే ఎనభై తొమ్మిది. జాబితా కాగితం చుట్టూ అందరూ మూగారు. ఎనభై తొమ్మిది కింద ఉమాపతి గారు సంతకం పెట్టక తప్పలేదు. పెన్ను ఎంత గట్టిగా నొక్కారో, కాగితానికి చిల్లు పడింది.

మాస్టారు వరండా మెట్టు మీద కూర్చుని టీని తిడుతున్నారు. ఇందుమతి వచ్చి పక్కన కూలబడింది. వేళ్లు చాచి, ముడిచి, మళ్లీ చాచి చూసుకుంది. ఇన్నాళ్లూ వీటిలో ఉన్న ఆ బిగువంతా ఎక్కడికి పోయింది మాస్టారూ అని అడిగింది.

మాస్టారు గోడకి అంటించిన ఆ చిల్లు పడిన కాగితం వైపు గడ్డం ఎగరేశారు.

"పోలేదమ్మా," అన్నారు. "ఎవరిది వాళ్లకి చేరింది."