నక్కకి పద్దెనిమిది వేళ్లు

ఉప్పు తాగే మడచెట్టా, ఉలకవేమే?
ఒళ్లంతా చెమటోసినా అలవవేమే?

ఆ తర్వాతి పాదం నూకాలుకి ఎంతకీ గుర్తు రాలేదు. ఎప్పుడో చిన్నప్పటి పాట. నూకాలంటే మడ అడవిలో ముసలి పీత. మడచెట్టు మొదట్లో బొరియ ఆవిడ ఇల్లు. మూడో పాదం వెతుక్కుంటూ పక్కవాటుగా నడిచి నడిచి, ఇల్లు దాటి పోయింది. తిరిగి చూస్తే బొరియ మీద నక్క అబ్బులు కూర్చుని ఉన్నాడు.

"ఆయ్, కులాసానా మామ్మా" అన్నాడు, మర్యాదకేం లోటు లేకుండా.

ఆటుకి కాలవ నీళ్లు వెనక్కి పోయాయి. మళ్లీ పోటు వచ్చేదాకా పీత దాక్కునేంత లోతు నీళ్లు లేవు. నూకాలుకి పది కాళ్లూ చల్లబడ్డాయి. అబ్బులుకేమో నాలుక బెత్తెడు వేలాడుతోంది. మంచినీళ్లకి రెండు కోసులు పోవాలి. పీతని తినేముందు ఒక్క సందేహం తీర్చమన్నాడు. రోజూ ఉప్పునీళ్లే తాగే ఈ చెట్టు ఇంత నిగనిగలాడుతోందేం?

నూకాలు ఉన్నదున్నట్టే చెప్పింది. గుమ్మంలో చెప్పులు విప్పించినట్టు, చాలా ఉప్పుని వేళ్ల దగ్గరే ఆపేస్తుందట. తప్పించుకుని లోపలికొచ్చినదాన్ని ఆకుల మీద చెమటలా పోసేస్తుందట. అబ్బులు ఓ ఆకు నాకి చూశాడు. నిజమే, ఉప్పగా ఉంది.

"అయితే కిటుకంతా వేళ్లలోనే ఉందన్నమాట."

"వేళ్లలోనేరా నాయనా."

అబ్బులు తన కాళ్లకేసి చూసుకున్నాడు. ముందు కాళ్లకి అయిదేసి, వెనక కాళ్లకి నాలుగేసి.

"నాకు పద్దెనిమిది ఉన్నాయి మామ్మా."

నూకాలు నవ్వు మింగేసింది. "అయితే బాగా దిగేయాలిరా. పైపైన తేలితే ఉప్పు ఆగదు."

అబ్బులు బొరియ వదిలి కాలవలోకి దిగాడు. నాలుగు కాళ్లూ మోకాలిదాకా బురదలో దించి, మిగిలిన నీళ్లు గటగటా తాగాడు. కడుపు కుండైంది, దాహం రెట్టింపైంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కడుక్కోవడానికి కాలు బయటికొస్తేగా!

నూకాలు అతని ముక్కు ముందునుంచే, పక్కవాటుగా, తీరిగ్గా ఇంటికి నడిచింది. అంతలో పోటు వచ్చింది. బురద వదులైతే అబ్బులు కక్కుకుంటూ గట్టెక్కాడు.

"వేళ్లున్నదల్లా చెట్టు కాదురా అబ్బులూ" అంది నూకాలు గుమ్మంలోంచి.

రెండు కోసుల దారి పట్టబోతూ అబ్బులు ఆగాడు. చెవులు రెండూ ఓసారి తడుముకున్నాడు.

"ఇంతకీ మామ్మా, నాకు ఆకులెప్పుడొస్తాయి?"